అటువైపు పూస్తోంది

థెల్మా ప్రోబర్ట్‌కి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు అతను తాగుతాడనో, తిడతాడనో, ఇల్లు పట్టకుండా తిరుగుతాడనో కాదు. అలాంటిదేదైనా ఉంటే నలుగురిలో చెప్పుకుని కళ్ళొత్తుకోవడానికి వీలుండేది. గిల్బర్ట్ ప్రోబర్ట్‌లో అలాంటి సదుపాయాలేవీ లేవు. చెప్పిన పని చేస్తాడు. పెట్టింది తింటాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ హెరిఫర్డ్ రోడ్డు మీద బస్సు నడిపి, ఒక్క కోడిపిల్లనైనా తొక్కించకుండా రిటైరయ్యాడు. ఇంత మంచితనాన్ని పక్కన పెట్టుకుని కాపురం చెయ్యడం ఎంత కష్టమో పైవాళ్ళకి తెలియదు.

జన్మకల్లా అతను సొంతబుద్ధితో చేసిన పని ఒక్కటే. పెళ్ళయి పాతికేళ్ళు నిండిన రోజున మొగుడన్నవాడు పెళ్ళానికి వెండి వస్తువు కొంటాడు. ఊళ్ళో అందరూ కొన్నారు. గిల్బర్ట్ మాత్రం సంతకి వెళ్ళి, ఎండిపోయిన కట్టె ఒకటి గోనెగుడ్డలో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు రెండు చేతులతో పట్టుకొచ్చాడు.

"ఏమిటది?" అంది థెల్మా.

"గులాబీ."

"నాకు కట్టెలా కనిపిస్తోంది."

"తీగ గులాబీ, థెల్. చెట్టు మొదట్లో పాతితే చాలట, చెట్టంతా ఎక్కేసి పూస్తుందట. కింద నిలబడి చూస్తే ఆకాశం కనపడదన్నాడు."

"ఇక్కడ ఆకాశం ఎప్పుడు కనపడి ఏడిసింది గనక," అంది థెల్మా.

పెరటి చివర, కంచెని ఆనుకుని పాత పియర్ చెట్టు ఒకటుంది. ఇంటికి రెండింతలు ఎత్తు. దాని కాయ కొరికితే నాలుక చెక్కబారిపోతుంది. పులియబెట్టి పెర్రీ అనే కల్లు చేసుకు తాగడానికే తప్ప పందులు కూడా ముట్టుకోవు. ఆ చెట్టు మొదట్లో, నీడపట్టున, కట్టెను పాతి గిల్బర్ట్ చేతులు దులుపుకున్నాడు. నీడలో పాతు, వెలుతురెక్కడుందో అదే వెతుక్కుంటుంది అని అమ్మినవాడు చెప్పాడట.

అది వెతుక్కుంది. రెండు మూడేళ్ళకి కొమ్మలందుకుంది. ఆ తర్వాత కొమ్మల్లో దూరి, చెట్టు నడినెత్తికెక్కి, కంటికి కనపడకుండా పోయింది. ఇటుపక్క మిగిలిందల్లా మణికట్టు లావు కాండం, కిందికి వేలాడే ముళ్ళ కొరడాలు, నాలుగు ఆకులు. పువ్వు మాత్రం లేదు. ప్రతి జూన్‌లోనూ థెల్మా వంటింటి కిటికీలోంచి మెడ సాచి చూసేది. చెట్టు తల రెండుగా చీలి, ఒక కొమ్మ ఎడమకి ఒరిగి ఉంటుంది. దాని మీద ఒక కాకి ఉంటుంది. అంతే.

"ఏమయ్యా గిల్బర్ట్, నీ గులాబీ ఈ ఏడైనా పూస్తుందా?"

గిల్బర్ట్ పేపరు దించకుండానే, "పూస్తోంది, థెల్. అటువైపు పూస్తోంది" అనేవాడు.

"అటువైపంటే? పరలోకంలోనా?"

"అటువైపు," అనేవాడు మళ్ళీ, పేజీ తిప్పుతూ.

ఈ మాటని థెల్మా ఊరంతా పంచిపెట్టింది. చర్చిలో పూలు సర్దే ఆడవాళ్ళ దగ్గర, పోస్టాఫీసు వరసలో, రొట్టెల కొట్లో. "మావారు పెళ్ళిరోజుకి నాకో గులాబీ ఇచ్చారమ్మా. అది పూస్తే చూడాలంటే ముందు నేను చావాలి." విన్నవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. పక్కనుంటే గిల్బర్ట్ కూడా నవ్వేవాడు. థెల్మాకి అదే మరీ మంట.

అటువైపు అంటే కంచె అవతలి వైపు కావచ్చని ఆమెకి ఎందుకు తట్టలేదని అడగొచ్చు. కంచె అవతల ప్రపంచం ఉందని థెల్మా ఒప్పుకోవడం మానేసి అప్పటికి చాలా ఏళ్ళయింది. అవతల ఉన్నది ఎనిడ్ హాగెట్.

గొడవ కూడా ఆ చెట్టు దగ్గరే మొదలైంది. పియర్ కొమ్మలు కంచె దాటి ఎనిడ్ వైపు ఒరిగాయి. పక్కింటి కొమ్మ మన స్థలంలోకొస్తే కోసుకోవచ్చు. కాని కోసిన కొమ్మ చెట్టుగలవాళ్ళదే, తిరిగి ఇస్తామని అడగాలి. ఈ నియమం ఇంగ్లండులో అందరికీ తెలుసు, ఎవరూ పాటించరు. ఎనిడ్ వాళ్ళ నాన్న కోర్టులో పనిచేశాడు, కాబట్టి ఆవిడ పాటించింది. కోసిన కొమ్మల్ని రెండు గోనెసంచుల్లో కుక్కి, మూతులకి రిబ్బను కట్టి, థెల్మా ముందు గుమ్మంలో పెట్టించింది. అది కూడా పాస్టరుగారు టీకి వచ్చిన రోజున.

"మీ సొత్తు, మిసెస్ ప్రోబర్ట్," అంది ఎనిడ్.

"చెత్త, మిసెస్ హాగెట్," అంది థెల్మా. "మా ఇంట్లో దీన్ని చెత్త అంటాం. రిబ్బను కట్టం."

ఆనాటినుంచి ఎనిడ్ ఆ చెట్టు మీద కత్తెర పెట్టలేదు. థెల్మా ఎనిడ్ గేటు తొక్కలేదు. ఇద్దరి ఇళ్ళకీ వేరు వేరు వీధులు, మధ్యలో రెండు నిలువుల కంచె. బజార్లో ఎదురుపడితే వాతావరణం గురించి కూడా మాట్లాడుకునేవాళ్ళు కారు. లోయర్ మిల్‌కూమ్ ఊళ్ళో అంతకు మించిన శత్రుత్వం ఎవరూ ఎరగరు.

జూన్ నెల వచ్చిందంటే అవతలనుంచి లవంగం, తేనె కలిపి కాచినట్టు ఒక వాసన వచ్చేది. ఎనిడ్ ఏదో ఖరీదైన పొద పెంచుతోందని థెల్మా లెక్క వేసుకుంది. ఎనిడ్ వాసన ఉచితంగా పీల్చి ఆవిడకి రుణపడటం ఇష్టంలేక, ఉక్కపోసినా సరే, వెనక కిటికీలు బిడాయించేది. నెలాఖరుకి గాలి వీస్తే తెల్లటి రేకులు కంచె మీదుగా ఎగిరొచ్చి పచ్చిక మీద పడేవి. థెల్మా వాటిని ఒక్కటి మిగలకుండా ఊడ్చి, బుట్టకెత్తి, గిల్బర్ట్ చేతికిచ్చేది.

"వెళ్ళి ఆవిడ సొత్తు ఆవిడకి పారబోసి రా."

గిల్బర్ట్ నిచ్చెనెక్కి, బుట్ట కంచె అవతలికి బోర్లించి, కాసేపు అక్కడే నిలబడి అటు చూసి, దిగి వచ్చేవాడు. ఏం చూస్తున్నాడని ఆమె ఎన్నడూ అడగలేదు. నడుం పట్టేసిందేమో అనుకునేది.

ఒక ఏడు జూన్‌లో ఊళ్ళో తోటలు తెరిచే ఆదివారం ఎండలు మండిపోతున్న వారంలో పడింది. ఏడాదికొకసారి, పూలు బాగా ఉన్నవాళ్ళు తమ తోటల గేట్లు తీసిపెడతారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు టికెట్టు కొనుక్కుని, ఒకరి తోటలో ఇంకొకరి తోట గురించి చెప్పుకుంటూ తిరుగుతారు. టీ తాగుతారు. వచ్చిన డబ్బు చర్చి పైకప్పు మరమ్మతుకి పోతుంది. ఆ పైకప్పు మాత్రం థెల్మా పెళ్ళినాటినుంచీ కారుతూనే ఉంది.

శనివారం పొద్దున థెల్మా చర్చివాళ్ళ టేబులు గుడ్డ ఉతికి పెరట్లో దండెం మీద ఆరేసింది. అంచంతా చేతి అల్లిక. ఆ అల్లిక థెల్మా వాళ్ళ అమ్మ చేసింది. లోపలికెళ్ళి టీ తాగి వచ్చేసరికి గాలికి ఒక ముళ్ళ కొరడా చెట్టునుంచి వేలాడి వచ్చి ఆ గుడ్డని పట్టుకుంది. విడదీద్దామని లాగితే, చర్రున, మధ్యకి చిరిగింది.

థెల్మా ఆ గుడ్డని చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత చెట్టుకేసి చూసింది. ఇన్నేళ్ళలో ఒక్క పువ్వివ్వలేదు. పైగా అమ్మ అల్లిక చింపింది. గిల్బర్ట్ బల్లలు మోయడానికి చర్చి హాలుకి వెళ్ళాడు. ఇంట్లో ఎవరూ లేరు. షెడ్డులో రంపం ఉంది.

గులాబీ కాండం అనుకున్నంత గట్టిగా లేదు, కాని ఊరికే చావలేదు. ఒక్కో కోతకీ పైనుంచి కొరడాలు ఊగివచ్చి ఆమె చేతులు గీరిపెట్టాయి. థెల్మా పళ్ళు బిగబట్టి పూర్తిగా కోసేదాకా ఆగలేదు. పైభాగం అంగుళమైనా కదలలేదు. చెట్టు దాన్ని అంత గట్టిగా పట్టుకుని ఉంది. మొదలు తెల్లగా, తడిగా మెరుస్తుంటే ఆమెకి ఎందుకో చూడబుద్ధి కాక, ఒక పాత బకెట్టు తెచ్చి బోర్లించింది. గిల్బర్ట్‌కి ఆదివారం గడిచాక చెబుదాం అనుకుంది. పూయని గులాబీ పోయిందని ఎవరైనా ఏడుస్తారా? మహా అయితే, "అలాగా థెల్" అంటాడు. ఎప్పుడూ అనేది అదే.

ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారు మెట్ల దగ్గర ఆమె దారికి అడ్డం వచ్చారు.

"మిసెస్ ప్రోబర్ట్, ఇక మీరే దిక్కు. టీ బల్ల చూసుకోవాల్సిన డోరిస్‌కి కాలు బెణికింది."

"దానికేం భాగ్యం, చూసుకుంటాను. ఎవరి తోటలో?"

పాస్టరుగారు టోపీని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నారు. "అదే... మీ వెనక..."

"మా వెనక కంచె ఉందండి."

"కంచె వెనక."

"కంచె వెనక ఏముందో నాకు తెలీదు."

"చర్చి కప్పు కోసం, మిసెస్ ప్రోబర్ట్. ఆవిడ తోట తెరవడం ఇదే మొదటిసారి."

"కురిస్తే గొడుగు తెచ్చుకోండి. నేనూ తెచ్చుకుంటాను."

పాస్టరుగారు నిట్టూర్చారు. "సరే, మీ ఇష్టం. అయితే మిసెస్ హాగెట్ తనే స్కోన్లు చేస్తానంటున్నారు."

థెల్మా ఆగిపోయింది. ఎనిడ్ స్కోన్లు, టీతో తినే ఆ చిన్న రొట్టెలు, కిందటిసారి చర్చి విందులో ఆమె తిన్నది. తిన్నది అనడం కూడా అతిశయోక్తే, పళ్ళతో యుద్ధం చేసింది. బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి లోయర్ మిల్‌కూమ్ స్కోన్లంటే ఇవీ అనుకుని పోతారంటే ఆమె ఒళ్ళు జలదరించింది.

"ఎన్నింటికి రమ్మంటారు?" అంది.

మధ్యాహ్నం రెండు బుట్టల స్కోన్లు, మీగడ, జాము పట్టుకుని, ఊరు చుట్టి, ఎనిడ్ వీధిలోకి వెళ్ళింది. రోడ్డు మీద తారు కరుగుతోంది. అందరూ చేతుల్లేని గౌన్లు వేసుకున్నారు. థెల్మా మాత్రం ఉన్ని కార్డిగన్ మణికట్టుదాకా దించి, గుండీలు పెట్టుకుంది. చేతుల మీది గీతలు ఎవరి కంటా పడకూడదు.

గేటు దగ్గర ఎనిడ్ నిలబడి ఉంది. సన్నగా, నిటారుగా, ఎప్పటిలాగే మడత నలగకుండా. మొహంలో మాత్రం నెత్తురు లేదు.

"మిసెస్ ప్రోబర్ట్."

"మిసెస్ హాగెట్."

"ఎండగా ఉంది."

"ఉంది."

ఇన్నేళ్ళ తర్వాత ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. వెనకనున్న పాస్టరుగారు కళ్ళు మూసుకుని దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నట్టు కనిపించింది.

తోట వాగుదాకా వాలుగా దిగుతుంది. టీ బల్ల వాగు పక్కన వేశారు. థెల్మా అటూ ఇటూ చూడకుండా, తల వంచుకుని, తిన్నగా బల్ల దగ్గరికి నడిచింది. ఎనిడ్ తోటలో ఏ పువ్వునైనా చూసి మెచ్చుకున్నట్టు ఎవరికైనా అనిపిస్తే ఇంకేమైనా ఉందా? కప్పులు పేర్చింది. స్కోన్లు సర్దింది. గిల్బర్ట్ వేణ్ణీళ్ళ బాయిలరు తెస్తానన్నాడు, ఇంకా రాలేదు.

అప్పుడు ఆమెకి ఆ వాసన వచ్చింది.

లవంగం, తేనె. కిటికీ బిడాయించడానికి ఇక్కడ కిటికీ లేదు. వాసన తిన్నగా వచ్చి మొహాన తగిలింది. దానిలో ఇంకేదో కలిసుంది, నీళ్ళు మార్చని పూలకుండీ దగ్గర వచ్చేలాంటిది. వాలు మీద చాలామంది గుంపుగా నిలబడి, ఒకే వైపు, పైకి చూస్తున్నారు. పెళ్ళికని వచ్చి, అది చావు అని తెలిసిన మనుషుల్లా ఉన్నారు.

థెల్మా తల తిప్పి పైకి చూసింది. చేతిలో కప్పు జారి గడ్డిలో పడింది.

కొండంత చెట్టు. కొనకొమ్మనుంచి గడ్డిదాకా తెలుపు. పొయ్యి మీద పాలగిన్నె పొంగి, ఎవరూ దించకపోతే, ఆ పాలు అలాగే గోడమీదుగా నేలదాకా కారినట్టు. గుత్తులు గుత్తులుగా, ఒకదాని మీద ఒకటి, కొమ్మ కనపడకుండా, ఆకు కనపడకుండా. అంత తెల్లదనం ఒక్కచోట ఆమె ఎప్పుడూ చూడలేదు. దాని కింద నిలబడితే ఆకాశం కనపడదు.

కింద నిలబడి చూస్తే ఆకాశం కనపడదన్నాడు. ఆ మాట ఎవరన్నారు?

ఆమె చూపు చెట్టు నడినెత్తికి పోయింది. తల రెండుగా చీలి ఉంది. ఒక కొమ్మ కుడికి ఒరిగి ఉంది. దాని మీద కాకి.

వంటింటి కిటికీలోంచి అది ఎడమకి ఒరుగుతుంది. ఇటునుంచి చూస్తే కుడికే ఒరగాలి.

థెల్మా బల్ల అంచు పట్టుకుంది. తన చెట్టు. తన గులాబీ. ఇన్నేళ్ళూ జూన్ నెల జూన్ నెలా ఇంత పూసింది. తను కిటికీలు వేసుకుంది. దాని రేకుల్ని ఊడ్చి, మొగుడి చేతికిచ్చి, పారబోసి రమ్మంది. వెలుతురెక్కడుందో అదే వెతుక్కుంటుందని అమ్మినవాడు చెప్పనే చెప్పాడు. వెలుతురు కంచెకి ఇటుపక్క, దక్షిణం వైపు ఉంది. తమవైపున్నది చెట్టు వీపు.

ఇంకా ఒక క్షణం అందం మాత్రమే కనపడింది ఆమెకి. తర్వాతి క్షణంలో మిగతాది కనపడింది.

పూలన్నీ తల వాల్చేశాయి. ఒక్క గుత్తి కూడా నిటారుగా లేదు. లేత చిగుళ్ళు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. చూస్తూ ఉండగానే, గాలి లేకుండానే, ఒక గుత్తిలో రేకులన్నీ ఒక్కసారిగా రాలాయి. గుంపులో ఎవరో "అయ్యో" అన్నారు.

"నిన్న పొద్దున చెట్టంతా తెల్లమబ్బులా ఉంది," అంటోంది ఎనిడ్. ఎవరితోనో కాదు, అందరితోనూ. ఎప్పుడూ కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టుండే గొంతు ఇప్పుడు వణుకుతోంది. "నిన్న పొద్దున నేను ఈ బెంచీ మీదే కూచున్నాను. మావారు హాగెట్ పోయినప్పటినుంచీ రోజూ కూచుంటాను. సాయంత్రానికి చిగుళ్ళు వాలాయి. ఎండకనుకున్నాను. రాత్రి గొట్టంతో నీళ్ళు పెట్టాను, ఎక్కడ పెట్టాలో తెలీక ఇక్కడంతా పెట్టాను."

"ఎక్కడ పెట్టాలో తెలీకపోవడమేమిటి?" అన్నాడు లెడ్బరీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. చేతికర్ర, చెవిలో మిషను, మొహాన అన్నీ తెలిసినవాడి విసుగు. "దీని మొదలెక్కడ?"

"నాకు తెలీదు. నేను పెట్టింది కాదు. కంచెలోంచి దానంతటదే వచ్చిందనుకున్నాను. ఏ పిట్టో విత్తనం పడేసి ఉంటుందని." ఎనిడ్ కళ్ళొత్తుకుంది. "ఏటేటా నెలాఖరుకి రేకులు బుట్టలతో కుమ్మరించినట్టు ఈ బెంచీ మీదికి పడేవి. గాలి లేకపోయినా పడేవి. నన్ను పలకరిస్తోందనుకునేదాన్ని. పిచ్చిదాన్ని."

గాలి లేకపోయినా ఎందుకు పడేవో థెల్మాకి తెలుసు. ఆ బుట్ట వాళ్ళ షెడ్డులో మేకుకి వేలాడుతోంది.

పెద్దాయన చేతికర్రతో ఒక గుత్తిని వంచి చూశాడు. "ఇది తెగులు కాదమ్మా. ఎండా కాదు. పైకి నీరెక్కడం లేదు. ఎవరో మొదలు కోసేశారు."

గుంపంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఎనిడ్ బెంచీ మీద కూలబడింది.

సరిగ్గా అప్పుడు, వాలు మీదనుంచి, బాయిలరుని తోపుడుబండి మీద పెట్టుకుని గిల్బర్ట్ దిగుతూ వచ్చాడు. దారి ఇమ్మని నవ్వుతూ ఎవరికో చెప్పబోయి, తల ఎత్తి చూశాడు. బండి ఆగిపోయింది.

ఇన్నేళ్ళ కాపురంలో గిల్బర్ట్ మొహం మీద ఇది కోపం, ఇది దిగులు అని థెల్మా ఎప్పుడూ విడదీసి చెప్పలేకపోయింది. అన్నిటికీ ఒకటే మొహం. ఇప్పుడది నీళ్ళు తోడేసిన తొట్టిలా ఉంది. అతను మెల్లిగా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చర్చిలో శవపెట్టె దించేటప్పుడు తీసినట్టు.

"మిస్టర్ ప్రోబర్ట్," అంది ఎనిడ్. "ఆ చెట్టు మీది. దీని మొదలు మీ వైపుందా?"

"ఉందండి."

"మీకు తెలుసా, ఇది ఇక్కడ పూస్తోందని?"

"తెలుసండి. రేకులు పోయడానికి వచ్చినప్పుడు చూసేవాణ్ణి."

ఆ మాట ఎనిడ్‌కి అర్థంకాలేదు. థెల్మాకి అయింది.

"ఎవరు కోశారు?" అంది ఎనిడ్.

గిల్బర్ట్ చూపు గుంపు మీదుగా వచ్చి టీ బల్ల దగ్గర ఆగింది. మండుటెండలో, ఉన్ని కార్డిగన్‌లో, గొంతుదాకా గుండీలు పెట్టుకుని చెమటలు కక్కుతున్న భార్య మీద ఆగింది. ఎడమ చేతి కఫ్ కింద ఎర్రటి గీత ఒకటి బయటికి తొంగిచూస్తోంది. థెల్మా చెయ్యి వెనక్కి పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

"నేనేనండి," అన్నాడు గిల్బర్ట్.

"మీరా?"

"ముళ్ళు ఎక్కువైపోయాయండి. ఉతికిన బట్టలు చిరుగుతున్నాయి. ఆలోచించలేదు. క్షమించండి."

గిల్బర్ట్ అబద్ధమాడాడు. రోడ్డు మీద దొరికిన బటను కూడా ఎవరిదో కనుక్కుని ఇచ్చే మనిషి, పాస్టరుగారి ఎదట, ఎండలో బట్టతల మెరుస్తుండగా, టోపీ నలుపుతూ అబద్ధమాడాడు. చెట్టు పాలలా పొంగి ఉండటం కంటే థెల్మాకి ఇదే నమ్మశక్యంగా లేదు.

"మనిషన్నవాడు చేసే పనేనా ఇది?" అంది గడ్డిటోపీ పెట్టుకున్న ఒకావిడ. "పూతమీదున్నదాన్ని!"

"బస్సు నడుపుకునేవాడికి పువ్వుల సంగతేం తెలుస్తుంది," అంది ఇంకొకావిడ, వినపడేలాగే.

గిల్బర్ట్ బండి తోసుకుంటూ వచ్చి, బాయిలరు ఎత్తి బల్ల మీద పెట్టాడు. దాని మూత సర్దుతున్నట్టు వంగాడు.

"నీకు తెలుసు," అంది థెల్మా గుసగుసగా. "ఇన్నేళ్ళూ నీకు తెలుసు."

"చెప్పాను కదా థెల్. ఏటేటా చెప్పాను. అటువైపు పూస్తోందని."

"ఎవరైనా అలా చెబుతారా? ఎనిడ్ తోటలో పూస్తోంది, వచ్చి చూడు అని, మనిషి చెప్పినట్టు చెప్పొచ్చుగా!"

గిల్బర్ట్ మూత బిగించాడు. "అలా చెబితే నువ్వు కోసేస్తావని చెప్పలేదు," అన్నాడు.

థెల్మాకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ మాటలో దెప్పు లేదు, కోపం లేదు. బస్సు ఏ వేళకొస్తుందో చెప్పినట్టు చెప్పాడు. పైగా అది నిజం. ఎనిడ్ కళ్ళకి పూస్తోందని మొదటి ఏడే తెలిసి ఉంటే, ఆమె మొదటి ఏడే రంపం తీసేది. ఇన్నేళ్ళూ ఆ గులాబీ బతికిందంటే, మొగుడి మాట ఆమె వినకపోవడం వల్లే బతికింది. ఊరంతా తిరిగి ఆమె చెప్పుకున్న వేళాకోళాన్ని అతను పక్కన నిలబడి నవ్వుతూ భరించింది, ఆమె ఇచ్చిన రేకుల్ని నిచ్చెనెక్కి పోస్తూ నాలుగు నిమిషాలు తన పువ్వుల్ని తను చూసుకోవడానికి.

"టీ పొయ్యి," అన్నాడు గిల్బర్ట్ మెల్లిగా. "జనం చూస్తున్నారు. సాయంత్రానికి మరిచిపోతారు."

మరిచిపోరు. ఆ ఊరు సంగతి థెల్మాకి తెలుసు. ఎవరి కేకు పొంగలేదో, ఎవరి అంత్యక్రియలకి ఎవరు రంగుబట్టలేసుకొచ్చారో తరాలు తరాలు చెప్పుకుంటారు. గులాబీని నరికిన గిల్బర్ట్ అని పేరు పడుతుంది. పోస్టాఫీసు వరసలో జనం నవ్వుతారు. పక్కనుంటే అతనూ నవ్వుతాడు. ఆమె చెయ్యాల్సిందల్లా కెటిల్ పట్టుకుని, పాలు ముందా తర్వాతా అని అడగడమే. అంత తేలిక.

కెటిల్ పట్టుకుంది. కప్పు నిండినా ఆపలేదు, టీ సాసరులోకి, సాసరులోంచి స్కోన్ల మీదికి పోయింది. వెనక ఇంకో గుత్తి రాలిన చప్పుడైంది. రేకులు రాలితే చప్పుడవుతుందని ఆమె అంతవరకూ ఎరగదు. అన్ని ఒక్కసారి రాలితే అవుతుంది, ఎవరో దూరంగా పట్టుబట్ట మడత పెట్టినట్టు.

థెల్మా కెటిల్ దించింది. కార్డిగన్ గుండీలు ఒక్కొక్కటే విప్పి, దాన్ని తీసి స్కోన్ల మీద పడేసింది. మోచేతులదాకా ఎర్రటి గీతలు, కొన్ని ఇంకా పచ్చిగా. గడ్డిటోపీ ఆవిడ నోరు మూసుకుంది. థెల్మా వాలెక్కి బెంచీ దగ్గరికి నడిచింది.

"మిసెస్ హాగెట్," అంది. "అది ఏ పిట్టా వేసింది కాదు. మావారు నాకోసం పాతారు. పెళ్ళిరోజున. అది ఇక్కడ పూస్తోందని నాకు తెలీదు. తెలిస్తే ఎప్పుడో కోసేదాన్ని. తెలీక నిన్న కోశాను."

ఎనిడ్ ఆ చేతులకేసి చూసింది.

"రెండు సంచుల కొమ్మలకా?" అంది. "ఆ రిబ్బను నేను మర్యాద అనుకుని కట్టాను."

"ఇప్పుడు తెలుస్తోంది."

"మీవారు తనే కోశానన్నారే?"

"ఆయనకి అబద్ధమాడటం చేతకాదు. ఇదే మొదటిసారి, అందుకే అంత ఘోరంగా ఉంది." థెల్మా చెట్టుకేసి చూడకుండా, గిల్బర్ట్‌కేసి చూడకుండా, తన బూట్లకేసి చూస్తూ, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరూ ఆమె నోట వినని మాట ఒకటి, బయటికి తీసింది. చాలా చిన్నగా తీసింది.

వాలు మీద అందరూ కదలకుండా నిలబడ్డారు. లెడ్బరీ పెద్దాయన చెవి మిషను తిప్పుకుంటూ పక్కవాళ్ళని, "ఏమంది? ఆవిడేమంది? నాకు వినపడలేదు" అని గట్టిగా అడిగాడు.

థెల్మా తల ఎత్తింది. బల్ల దగ్గర గిల్బర్ట్ టోపీ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"తప్పు నాది అన్నాను!" అని అరిచింది, కంచె అవతలిదాకా వినపడేలా. "గులాబీ విషయంలో తప్పు నాది, గిల్బర్ట్ విషయంలో తప్పు నాది! ఇప్పుడు వినపడిందా?"